బడిలో పోఫిరికి పిలుపు వచ్చిందా? న్యూజీలాండ్‌కి కొత్తగా వచ్చిన తెలుగు అమ్మానాన్నలకు

పిల్లను బడిలో చేర్చిన కొద్ది రోజులకే మీ ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది. ఫలానా రోజు ఉదయం కొత్త పిల్లలకు పోఫిరి ఉంది, ఫానౌ అంతా రండి అని. పోఫిరి అంటే ఈ దేశపు మూలవాసులైన మావోరీల పద్ధతిలో జరిగే స్వాగతం. ఫానౌ అంటే కుటుంబం, అందులో తాతలు, అమ్మమ్మలు, బాబాయిలు అందరూ వస్తారు. మనవాళ్లు చాలామంది దీన్ని ఓరియెంటేషన్ మీటింగ్ అనుకుని, పిల్లను గేటు దగ్గర దింపేసి ఆఫీసుకు వెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. ఆ పూట సెలవు పెట్టండి. పోఫిరి మనం కుర్చీలో కూర్చుని చూసే ప్రోగ్రామ్ కాదు. అందులో రెండు పక్షాలుంటాయి, పిలిచేవాళ్లు, వచ్చేవాళ్లు. ఆ వచ్చేవాళ్లం మనమే. మనం లేకపోతే పిల్ల వెనక ఎవరూ లేకుండా లోపలికి నడవాలి.

నేను హామిల్టన్‌లో ఉంటాను. మా పెద్దవాడు ఇక్కడే ప్రైమరీ స్కూల్ పూర్తిచేశాడు, చిన్నది ఇంకా అదే బడిలో ఉంది. బడి ఫానౌ గ్రూపులో పనిచేస్తాను కాబట్టి టర్మ్ మొదలైతే చాలు, కొత్తగా వచ్చిన మన కుటుంబాలు నన్ను అడుగుతుంటాయి. ఏం కట్టుకోవాలి, డబ్బులివ్వాలా, ముక్కుకు ముక్కు ఆనించాల్సిందేనా అని. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇది వైకాటో ప్రాంతంలో నేను చూస్తున్న పద్ధతి. ఒక్కో తెగకు, ఒక్కో మరైకి (మరై అంటే మావోరీలు కలుసుకునే చోటు), ఒక్కో బడికి కవా, అంటే ఆచార క్రమం, కొంచెం మారుతుంది. నేను చెప్పినదానికీ మీ బడిలో చెప్పినదానికీ తేడా వస్తే మీ బడిదే సరైనది.

ముందుగా ఆఫీసుకు ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోండి. జరిగేది పూర్తి పోఫిరా, మిహి ఫకతౌనా? అతిథులు ఎక్కడ నిలబడాలి? అతిథుల తరఫున ఎవరు మాట్లాడతారు? మిహి ఫకతౌ కాస్త చిన్నది. మాటలు, పాట, పలకరింపు, టీతో అయిపోతుంది. చాలా బడుల్లో టర్మ్ మొదట్లో జరిగేది ఇదే. పూర్తి పోఫిరిలో కరంగ, అంటే ఆడవాళ్లు గొంతెత్తి పిలిచే పిలుపు, ఉంటుంది, క్రమం కూడా కచ్చితంగా పాటిస్తారు. మెసేజ్‌లో రెండు పేర్లూ కలిపి వాడేస్తుంటారు కాబట్టి అడగడమే మేలు. అడిగితే తక్కువగా చూస్తారన్న టెన్షన్ వద్దు, సంతోషిస్తారు.

బట్టల గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఒళ్లు కప్పేలా, శుభ్రంగా ఉంటే చాలు. ఆడవాళ్లు పొడవు పావడాలు వేసుకోవడం ఇక్కడి పాత పద్ధతి కాబట్టి మన చీర, లంగా, చుడీదార్ అన్నీ చక్కగా సరిపోతాయి. తేలిగ్గా విడిచే చెప్పులు వేసుకోండి. స్వాగతం మరైలోని ఇంట్లోనో, బడిలో దానికోసం కేటాయించిన గదిలోనో జరిగితే చెప్పులు బయటే వదలాలి. లోపల తినకూడదు, తాగకూడదు. పిల్ల సంచిలో బిస్కెట్లుంటే బయటికి వచ్చేదాకా తీయనివ్వకండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఇది గట్టిగా చెబుతున్నాను. "వాళ్లకు ఇంగ్లీషు రాదు, బోర్ కొడుతుంది" అని ఇంట్లో వదిలేసి వస్తుంటారు. మావోరీ స్వాగతంలో పెద్దవాళ్లకున్నంత విలువ ఇంకెవరికీ లేదు. తెల్లజుట్టు తాతయ్య ఒకరు మీతో ఉంటే ఆయనకు ముందు వరుసలో కుర్చీ వేస్తారు, టీ ముందు ఆయనకే ఇస్తారు. పైగా అక్కడ వినిపించేది చాలావరకు తే రెయో, అంటే మావోరీ భాష. అది మనకూ రాదు, ఆయనకూ రాదు.

గేటు దగ్గర ఏం చేయాలి

చెప్పిన టైముకు పది నిమిషాలు ముందే వెళ్లి గేటు బయట మిగతా అతిథులతో నిలబడండి. పిలుపు రాకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. లోపల టీచరు కనిపించినా, చెయ్యి ఊపినా, అక్కడే ఉండండి. గుంపుగా అయ్యాక ఆడవాళ్లు ముందుకు, మగవాళ్లు వెనక్కో పక్కలకో వస్తారు. కొత్త పిల్లలు అమ్మల పక్కన ఉంటారు.

అప్పుడు లోపలి నుంచి ఒక స్త్రీ గొంతెత్తి పిలుస్తుంది. అదే కరంగ. ఆ క్రమంలో వినిపించే మొదటి గొంతు ఆడమనిషిదే. అతిథుల వైపు నుంచి మరో స్త్రీ బదులిస్తుంది. చాలా బడుల్లో ఆమెను వాళ్లే ఏర్పాటు చేస్తారు. ఆ పిలుపుతోపాటు నెమ్మదిగా, మాట్లాడకుండా నడవాలి. మధ్యలో ఒకచోట అందరూ ఆగుతారు. ఎందుకు ఆగారో తెలియక మనవాళ్లు పక్కల నుంచి దాటుకుని ముందుకు పోతుంటారు. అది చనిపోయినవాళ్లను తలచుకునే చోటు. వాళ్లవాళ్లనూ, మనతో వచ్చిన మనవాళ్లనూ. ఆ నిమిషంలో మీ ఇంట్లో పోయినవాళ్లను మీరూ మనసులో తలచుకోండి. ఈ దేశంలో నాకు అన్నింటికన్నా ఆప్తంగా అనిపించిన విషయం ఇదే. మా నాన్న ఈ దేశం చూడలేదు. అయినా మా పిల్లలతోపాటు ఆయన కూడా ఆ గేటు దాటాడని నేను నిజంగా నమ్ముతాను.

ఎదురుగా పెద్ద పిల్లలు హాకాతో స్వాగతం చెప్పవచ్చు. కళ్లు పెద్దవి చేసి, నాలుక బయటపెట్టి, కాళ్లు నేలకు కొడుతూ గట్టిగా అరుస్తారు. ఐదేళ్ల పిల్లకు అది భయంగా ఉంటుంది. ముందు రాత్రే కూర్చోబెట్టి చెప్పండి, అన్నయ్యలూ అక్కలూ నీకోసం తమ బలమంతా చూపిస్తారు, కోపంతో కాదు అని. అప్పటికీ ఏడిస్తే ఎత్తుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. మంత్రి స్థాయి అతిథులు వచ్చినప్పుడు ఒక యోధుడు ముందుకొచ్చి నేల మీద ఒక ఆకో చెక్క ముక్కో పెడతాడు. దాన్ని అందుకునే మనిషిని ముందే నిర్ణయిస్తారు. మీరు దాని జోలికి వెళ్లకుండా నిలబడితే చాలు. కొత్త పిల్లల స్వాగతంలో ఇది సాధారణంగా ఉండదు.

లోపల

అతిథుల కుర్చీలు ఒక వైపు, ఇంటివాళ్లవి, అంటే పిలిచినవాళ్లవి, ఎదురుగా ఉంటాయి. ముందు వరుస మాట్లాడేవాళ్లది, అక్కడ ఎక్కువగా మగవాళ్లు కూర్చుంటారు. మా చెల్లెళ్లు కొందరు దీన్ని చూసి బాధపడతారు, ఆడవాళ్లను వెనక్కి నెట్టారని. ముందు వరుస అడ్డుగోడలాంటిదని, వెనకున్న ఆడవాళ్లనూ పిల్లలనూ అది కాపాడుతుందని ఇక్కడి పెద్దలు చెబుతారు. తెగనుబట్టి, బడినిబట్టి ఇది మారుతుంది కూడా. మిహి ఫకతౌలలో మహిళా ప్రిన్సిపాల్ లేచి మాట్లాడటం మామూలే.

ఇక్కడ వైకాటోలో ప్రసంగాలు ఇటొకరు అటొకరు మార్చి మార్చి చేస్తారు. ఇంటివాళ్లతో మొదలై ఇంటివాళ్లతోనే ముగుస్తుంది. వేరేచోట్ల ఇంటివాళ్లందరూ అయ్యాకే అతిథులు మాట్లాడతారు. ఏదైనా సరే, మాట్లాడే మనిషికీ ఎదుటివాళ్లకూ మధ్య నుంచి నడవకండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఫొటోలు తీయవచ్చో లేదో ముందే అడగండి, వేరే పిల్లల ఫొటోలు మాత్రం ఎక్కడా పోస్ట్ చేయకండి. ప్రసంగం అయ్యాక చప్పట్లు కొట్టరు. మాట్లాడినవాళ్లకు తోడుగా వాళ్లవాళ్లు లేచి ఒక వయాత, అంటే పాట, పాడతారు. పాట లేకపోతే ఆ మాట ఒంటరిది అయిపోతుంది.

కాబట్టి ఒక్క పాటైనా నేర్చుకుని వెళ్లండి. "తే అరోహా" అని నాలుగు పాదాల చిన్న పాట ఉంది, ప్రేమ, విశ్వాసం, శాంతి గురించి. దాదాపు ప్రతి బడిలోనూ పాడతారు. పాఠం తెప్పించుకుని తెలుగు లిపిలో రాసుకోండి. మావోరీ మాటలన్నీ మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. అక్షరం మీద గీత ఉంటే దీర్ఘం. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తూ తడుముకునే అమ్మలు కూడా తెలుగులో రాసుకున్నాక ఒక్క సాయంత్రంలో పాడేస్తున్నారు. ఒకే ఒక్క జాగ్రత్త, డబ్ల్యూ, హెచ్ పక్కపక్కన కనిపిస్తే చాలా ప్రాంతాల్లో దాన్ని ఫ అని పలకాలి.

కోహా అంటే అతిథులు ఇచ్చే కానుక, ఈ రోజుల్లో ఎక్కువగా కవరులో డబ్బు. అతిథుల తరఫున చివరగా మాట్లాడినవాళ్లు దాన్ని నేల మీద ఉంచుతారు, ఇంటివాళ్లు వచ్చి తీసుకుంటారు. మా బడిలో కొత్త పిల్లల స్వాగతానికి కుటుంబాలను విడిగా అడగరు. మరైకి బడి తరఫున వెళ్లినప్పుడు మాత్రం అందరూ కలిపి వేసుకుంటారు. మీకు ఇవ్వాలనిపిస్తే మాట్లాడేవాళ్లకు ముందే ఇవ్వండి, మీరు సొంతంగా లేచి మధ్యలో పెట్టకండి.

హోంగీ

అందరూ భయపడేది దీనికే. ప్రసంగాలు అయ్యాక అతిథులు వరుసగా వెళ్లి ఇంటివాళ్లను ఒక్కొక్కరినీ పలకరిస్తారు. కుడిచేయి కలపండి. ఎడమచేయి వాళ్ల భుజం మీద ఆనించవచ్చు. కొంచెం ముందుకు వంగి, కళ్లు దించుకుని, ముక్కు మెత్తగా ఆనించండి. కొందరు నుదురు కూడా ఆనిస్తారు. ఒక్క ఊపిరి సేపు, అంతే. ఒకసారా రెండుసార్లా అన్నది ప్రాంతాన్నిబట్టి ఉంటుంది. మీరు కదలకుండా ఉంటే ఎదుటి మనిషే చూసుకుంటారు. కళ్లజోడు తీయక్కర్లేదు గానీ టోపీ తీయండి. ఇది ముద్దు కాదు, పరాయి మగవాడు, పరాయి ఆడది అన్న లెక్క ఇందులో లేదు. ఊపిరి పంచుకోవడం. తానే అనే దేవుడు మట్టితో చేసిన తొలి స్త్రీ హినెఅహుఒనె ముక్కులోకి ఊపిరి ఊది ప్రాణం పోశాడని మావోరీల కథ.

మా అత్తగారిలా కొందరు పెద్దవాళ్లకు ఇది ఇబ్బందే. బలవంతపెట్టకండి. చెయ్యి ముందుకు చాపితే చేతులు కలిపి ఊరుకుంటారు. నవ్వుతూ నమస్కారం పెడితే తిరిగి పెడతారు. జలుబో దగ్గో ఉంటే మాత్రం మీరే వద్దని చెప్పాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కొన్ని తెగలు తమంతట తామే హోంగీ ఆపేశాయి. పెద్దవాళ్ల ప్రాణం ముందు.

"కియా ఓరా" అంటే అన్నిచోట్లా చెల్లుతుంది. కాస్త మర్యాదగా పలకరించాలంటే ఒక్కరికి "తేనా కోయె", ఇద్దరికి "తేనా కోరువా", ముగ్గురూ ఆపైన "తేనా కౌతౌ". టీచర్లను పిల్లలు ఫైయా అనీ మాతువా అనీ పిలుస్తారు. మనం పిన్ని, బాబాయి అన్నంత చనువూ గౌరవమూ అందులో ఉన్నాయి, మీరూ అలాగే పిలవవచ్చు.

టీ తాగకుండా వెళ్లకండి

పలకరింపులు అవగానే "ఇంక ఆఫీసుకు టైమైంది" అని జారుకునేవాళ్లు చాలామంది. తినడం కూడా స్వాగతంలో భాగమే. కరంగతో మొదలైన పవిత్రత, తపూ, తిండితోనే మామూలు స్థితికి దిగుతుంది. ఒక బిస్కెట్, అరకప్పు టీ అయినా తీసుకోండి. ముందు ప్రార్థన చెబుతారు, అది అయ్యేదాకా ప్లేటు ముట్టుకోవద్దు. పెద్దవాళ్ల తర్వాతే మనం.

"ప్లేటు తీసుకురండి" అని మెసేజ్‌లో ఉంటే ఖాళీ ప్లేటు కాదు, నలుగురికి సరిపడా తిండితో రమ్మని. పులిహోర చేస్తే పల్లీలు, జీడిపప్పు వేయకండి. నట్స్ పడని పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. కారం తగ్గించండి, ఏమేం వేశారో చీటీ రాసి పెట్టండి. శాకాహారులు ఒకటి గమనించాలి, మార్ష్‌మాలోలలో, చాలా జెల్లీలలో జెలటిన్ ఉంటుంది, చూడటానికి తెలియదు.

తర్వాత గిన్నెలు కడిగే చోటికి వెళ్లి "ఏం చేయమంటారు" అని అడగండి. బడిలో నలుగురితో కలవాలంటే దీన్ని మించిన దారి నాకు తెలియదు. అక్కడ కూడా కొన్ని నియమాలున్నాయి. తిండి పెట్టే బల్ల మీద కూర్చోకూడదు. గిన్నెలు తుడిచే గుడ్డతో చేతులూ మొహమూ తుడుచుకోకూడదు, దాన్ని ఒంటిబట్టలతో కలిపి ఉతకకూడదు. ఎవరి తల మీదుగానూ తిండి అందించకూడదు, పిల్లల తల నిమరకూడదు. తల తపూ. తల కింద పెట్టుకునే దిండు మీద కూర్చోవడం కూడా అందుకే తప్పు. పెద్ద క్లాసులకు వచ్చాక పిల్లలు మరైలో రాత్రి పడుకోవడానికి వెళతారు, అప్పుడు ఇది బాగా గుర్తుండాలి.

పిల్లకు పెపెహ నేర్పించడం

కొన్ని వారాల తర్వాత పిల్ల ఇంటికొచ్చి "నా కొండ ఏది, నా నది ఏది" అని అడుగుతుంది. కంగారు పడకండి. పెపెహ అంటే నేను ఎక్కడిదాన్ని, ఎవరిదాన్ని అని చెప్పుకోవడం. మన ఊళ్లో పెద్దవాళ్లు కొత్త మనిషిని "ఏ ఊరు, ఎవరి తాలూకు" అని అడుగుతారే, ఆ ప్రశ్నకు జవాబు లాంటిదే. ఇక్కడివాళ్లు ముందు కొండ పేరు, నది పేరు, తర్వాత తెగ పేరు, చివరికి తమ పేరు చెబుతారు.

హామిల్టన్ పిల్లలు రోజూ వైకాటో నదిని చూస్తారు, ఉత్తరంగా వెళితే తౌపిరి కొండ కనిపిస్తుంది. కానీ ఆ కొండ వైకాటో తెగది, వాళ్ల రాజులను పాతిపెట్టిన చోటు. దాన్ని మన పిల్లలు "నా కొండ" అనడం సరికాదు. బడిలో కొందరు టీచర్లు "నేను పెరుగుతున్నది ఈ కొండ నీడలో" అన్న అర్థం వచ్చేలా వాక్యం మార్చి ఇస్తారు. మన కృష్ణ, గోదావరి పేర్లు చెప్పుకోనిచ్చేవాళ్లూ ఉన్నారు. ముందు టీచరును అడగండి. ఎక్కడైనా చెల్లే చిన్న పెపెహ ఇది, పిల్లతో రోజూ ఒకసారి చెప్పించండి:

తేనా కౌతౌ కతోఅ.
నో ఈనియా ఓకు తీపున.
ఇ ఫానౌ మై అవు ఇ గుంటూరు.
కెయ్ కిరికిరిరోఅ తోకు కాయింగ.
కో అనన్య తోకు ఇంగోఅ.

అందరికీ నమస్కారం, మా పూర్వికులది ఇండియా, నేను పుట్టింది గుంటూరులో, మా ఇల్లు కిరికిరిరోఅలో, నా పేరు అనన్య అని. కిరికిరిరోఅ అంటే హామిల్టనే. ఊరి పేరూ పిల్ల పేరూ మీవి పెట్టుకోండి.

సంవత్సరంలో మిగతావి

మతరికి శీతాకాలంలో వస్తుంది, మావోరీ కొత్త సంవత్సరం. 2022 నుంచి దేశమంతటా సెలవు, ఎప్పుడూ శుక్రవారమే. 2026లో జూలై 10. మతరికి చుక్కలు మన కృత్తికలే. తెల్లవారకముందు లేచి ఈశాన్యం వైపు చూడండి. వరుసగా ఉన్న మూడు చుక్కల నుంచి ఎడమకు వెళితే ఎర్రటి రోహిణి, ఇంకొంచెం ఎడమకు కృత్తికల గుంపు. బడుల్లో తెల్లవారుజామున అందరినీ పిలిచి కలిసి టిఫిన్ పెడతారు, పిల్లలు లాంతర్లు చేస్తారు. ఆ గుంపులో పోహుతుకవ అనే చుక్క ఆ ఏడాది పోయినవాళ్లది. వాళ్ల పేర్లు రాసి ఇమ్మని పిల్లలకు చీటీలిస్తే ఖాళీగా పంపకండి, మీ ఇంటి పేర్లు తెలుగులోనే రాసి పంపండి.

సెప్టెంబరులో మావోరీ భాషా వారం వస్తుంది. 1972 సెప్టెంబరు 14న ఈ భాషను బడుల్లో నేర్పమంటూ పార్లమెంటుకు పెద్ద విన్నపం ఇచ్చారు, ఆ రోజు చుట్టూ ఏర్పడిన వారం ఇది. 1987లో గానీ దానికి అధికార భాష హోదా రాలేదు. పాత తరంలో బడిలో ఈ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న పిల్లలున్నారు. ఆ పిల్లల మనవలే ఇప్పుడు మన పిల్లలకు పాటలు నేర్పుతున్నారు. తీరికలేదని ఆ వారం దాటవేయకండి.

హాంగీ అమ్ముతున్నామని చీటీ వస్తే ముందే ఆర్డరివ్వాలి. కాల్చిన రాళ్ల గుంతలో మాంసం, కుమర (చిలగడ) దుంపలు, బంగాళాదుంపలు పెట్టి, తడిగోనెలూ మట్టీ కప్పి మూడు నాలుగు గంటలు ఉడికిస్తారు. శాకాహారం విడిగా ఇచ్చినా గుంత ఒకటే, ఆవిరి ఒకటే. పట్టింపు ఉన్నవాళ్లు డబ్బు ఇచ్చి, పొట్లాలు కట్టే పనికి చెయ్యి వేయండి.

మన పండుగ బడిలో చేయాలనుకుంటే సంక్రాంతి సెలవుల్లో పోతుంది, దసరా కూడా కొన్నేళ్లు సెలవుల్లోనే వస్తుంది. ఉగాదికీ దీపావళికీ బడి ఉంటుంది. టీచరుతో నెల ముందే మాట్లాడండి. పచ్చడి రుచి చూపించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. వేపపువ్వు, మామిడాకులు ఇండియా నుంచి తెప్పించకండి, ఎయిర్‌పోర్టులో చెప్పకుండా తెస్తే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. పిల్లలతో కాగితపు తోరణాలు చేయించండి, వాళ్లకూ అదే ఇష్టం. అన్నింటికన్నా ముఖ్యం, మొదటి మాట ఇక్కడివాళ్లకు వదలండి. బడి పిల్లలు తమ పద్ధతిలో స్వాగతం పలికాక మన దీపం వెలిగించండి.

ఒకసారి పోఫిరి అయ్యాక మీరు ఆ బడికి అతిథులు కాదు. తర్వాతి టర్మ్‌లో మళ్లీ అదే మెసేజ్ వస్తుంది, ఇది మనకు కాదులే అని పక్కన పెట్టేస్తారు. అది కూడా మీకే. ఈసారి గేటు బయట కాకుండా లోపల, ఇంటివాళ్ల వైపు నిలబడాలి. పాట గుర్తుంటుంది కాబట్టి వెనక వరుసలో నిలబడి పాడండి. కొత్తగా వచ్చిన గుంపులో బెదురుతున్న తెలుగు కుటుంబం ఏదైనా ఉంటే, టీ దగ్గర ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.